మా ఆయనకొక కుర్చీ కావాలి

ఉమ్మడి ఆఫీసు నిర్వాహకులు గారికి,

నమస్కారాలు. మీ ప్రకటన కాగితం మా ఆడపడుచు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంట్లో పని సాగడం లేదా? మా దగ్గరికొచ్చి హాయిగా కూర్చోండి" అని వేశారు. బల్లలు, కుర్చీలు, కాఫీ, ఇంటర్నెట్టు అన్నీ మీరే ఇస్తారట. ఒకే హాల్లో కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకోవచ్చట. అన్నిటికంటే నాకు ఆ "కూర్చోండి" అన్న మాట నచ్చింది. కూర్చోవడం బొత్తిగా చేతకాని మనిషి ఒకాయన మా ఇంట్లో ఉన్నారు.

మీ వెబ్‌సైటులోనే దరఖాస్తు పెట్టేదాన్ని. "మీ సంస్థ పేరు" అని అడిగింది. ఏదో ఒకటి రాస్తే గాని ముందుకు కదలనంది. "సంసారం" అని రాశాను. "ఈ సంస్థ వివరాలు మరోసారి సరిచూసుకోండి" అని ఎర్రక్షరాల్లో హెచ్చరించింది. ఏళ్ళ తరబడి సరిచూసుకుంటూనే ఉన్నాను. అందుకని చేత్తో రాసి పోస్టులో వేస్తున్నాను.

విషయమేమిటంటే, ఒక మనిషికి మీ దగ్గర ఒక కుర్చీ కావాలి. పొద్దున కాఫీ కాగానే మొదలుపెట్టి దీపాలు వేసే వేళ దాకా. ఆయనకు ఉద్యోగం లేదు. కాని ఊపిరి సలపనంత పని. ఎవరూ అడక్కుండానే సమస్యలు కనిపెడతారు, ఎవరూ అడక్కుండానే పరిష్కరిస్తారు. ఆ పరిష్కారాలను మా ఇల్లు ఇక తట్టుకోలేదు.

కుర్చీ ఎలాంటిదైనా పరవాలేదు. దూరంగా ఉంటే చాలు.

ఇట్లు,
మీ ప్రకటన చదివి ఆశపడ్డ ఒక ఇల్లాలు

తా.క.: "నచ్చకపోతే ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు" అని కాగితం అడుగున ఉంది. ఆ సౌకర్యం మాకు వద్దు. తీసేస్తే ఏమైనా తగ్గిస్తారా?

●

మా కుటుంబంలో అడుగు పెట్టబోతున్న మీకు,

హృదయపూర్వక స్వాగతం! నేను ఇక్కడ సభ్యత్వ మార్గదర్శిని. చేరాలా వద్దా అని ఊగిసలాడేవారి చెయ్యి పట్టుకుని, చేరేదాకా వదలకపోవడం నా ఉద్యోగం. ఈమధ్యే చేరాను. ఇంతవరకు ఎవరి చెయ్యీ దొరకలేదు.

మా ఆఫీసుకు పోస్టులో వచ్చిన మొట్టమొదటి ఉత్తరం మీది. కవరు ఏ వైపు చించాలో తేలక మేమంతా సమావేశమయ్యాం.

"సంసారం" అన్న పేరు అద్భుతం! పలకడం తేలిక, మరిచిపోవడం కష్టం. ఇది ఏ రంగంలో ఉంది? భాగస్వాములెందరు? పెట్టుబడి సొంతమేనా, బయటివాళ్ళు కూడా పెట్టారా? మీ ఉత్తరాన్నిబట్టి నాకు అర్థమైందేమిటంటే, మీ సంస్థ వ్యవస్థాపకులు ఇంట్లోనే మొదలుపెట్టి, ఇప్పుడు ఇల్లు పట్టనంతగా ఎదిగిపోయారు. జీతం లేకుండా పగలంతా పనిచేయడం, ఎవరికీ లేని సమస్యలకు పరిష్కారాలు కనిపెట్టడం... మా సభ్యులందరూ చేసేది అదేనండీ! ఆయన ఇక్కడ ఇట్టే కలిసిపోతారు.

మొదట్లో హాట్ డెస్క్ తీసుకోమని సలహా ఇస్తాను. అంటే ఫలానా బల్ల అని ఉండదు, ఏది ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోవచ్చు. అంతకంటే ముందు ఒకరోజు ఉచితంగా ట్రయల్ చూసుకోవచ్చు.

ఎదురుచూపులతో,
సభ్యత్వ మార్గదర్శి

తా.క.: వెళ్ళిపోయే సౌకర్యం తీసేసే పథకం ప్రస్తుతానికి లేదు. మా యజమాని గారు మాత్రం మీ సలహా రెండోసారి చదివించుకుని, కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నారు.

●

మార్గదర్శి గారికి,

మీ ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. భాగస్వాములం ఇద్దరం. రంగం అంటారా, రణరంగం. పెట్టుబడి నా ఓపిక, అది అయిపోవచ్చింది. బయటివాళ్ళు పెట్టేది పుల్లలు మాత్రమే.

నాయనా, ఆయన వ్యవస్థాపకులు కారు. మా ఆయన. ఫ్యాక్టరీల్లో భద్రతా తనిఖీ అధికారిగా పనిచేసి రిటైరయ్యారు. యంత్రాల్లో చేతులు పడకుండా, మంటలు లేవకుండా, మెట్ల మీద ఎవరూ జారకుండా చూడడమే ఆయన జీవితం. ఆయన పుణ్యమా అని ఎంతోమంది పది వేళ్ళతో ఇంటికెళ్ళారు. ఆ మాట ఎవరి ముందైనా గర్వంగా చెబుతాను, ఆయన ముందు తప్ప. ఇప్పుడు ఆయనకు ఫ్యాక్టరీలు లేవు. నేనున్నాను.

మా ఇంట్లో కత్తులన్నీ తాళంలో ఉంటాయి. ఉల్లిపాయ కోయాలంటే అనుమతి తీసుకోవాలి. పాలగిన్నె మీద "వేడిగా ఉండవచ్చు" అని చీటీ. గదిగదికీ బాణం గుర్తులు, మా పడకగదిలోంచి వీధిలోకి ఎలా పారిపోవాలో నాకు తెలియదన్నట్టు. ఉన్నట్టుండి విజిల్ ఊది ఇల్లు ఖాళీ చేయిస్తారు. మొన్న తలమీద సబ్బు నురగతో వీధిలో నిలబడ్డాను. గడియారం చూసుకుని "పోయినసారి కంటే నయం" అన్నారు.

ఇదంతా భరించేదాన్నే. నాకూ ఒక పని ఉంది. పుస్తకాలు పైకి చదివి రికార్డు చేసి ఒక కంపెనీకి పంపుతాను, వినేవాళ్ళు ఫోనులో పెట్టుకుని వింటారు. బట్టల బీరువా గదిలో దుప్పట్ల మధ్య కూర్చుని చదువుతాను, చప్పుడు రాకుండా. ఇప్పుడొక ప్రేమ నవల నడుస్తోంది. నాయిక కన్నీళ్ళతో "నన్ను వదిలి వెళ్ళిపోతావా?" అంటుంది. నేను ప్రాణం పెట్టి ఆ మాట అన్నాను. తలుపు అవతలనుంచి "స్టవ్ కట్టేశావా?" అని వినిపించింది. రికార్డింగు విన్న అక్కడి సౌండతను "రెండో గొంతు చాలా సహజంగా ఉందమ్మా, కాని నవలలో ఆ పాత్ర లేదు" అని కబురు పెట్టాడు. ఇంకొక్కసారి ఇలాగైతే పుస్తకం వేరేవాళ్ళకిస్తామన్నారు.

కాబట్టి ఆయనకు కుర్చీ ఇప్పించి నాకు పుణ్యం కట్టుకోండి. ఒక్క మాట. నేను పంపుతున్నానని తెలిస్తే ఆయన గడప దాటరు. ఆయన అవసరం మీకే ఉన్నట్టు, మర్యాదగా ఒక ఉత్తరం రాయండి.

ఇట్లు,
దుప్పట్ల మధ్యనుంచి

తా.క.: "హాట్ డెస్క్" అని మాత్రం రాయకండి. ఎందుకు వేడెక్కిందో తేలేదాకా ఆయన ఇంటికి రారు. ఆగండి... అలాగే రాయండి.

●

అమ్మా,

మీరు చెప్పినట్టే సార్‌కి ఉత్తరం పంపాను. "కాబోయే సభ్యుడికి తానే ముఖ్యమన్న భావన కలిగించాలి" అని మాకు శిక్షణలో చెప్పారు. నేను ఇంకొంచెం ఎక్కువే కలిగించాను. మీకోసం నకలు ఇక్కడ రాస్తున్నాను.

"అయ్యా, తమ అనుభవం గురించి విని ఈ ఉత్తరం రాస్తున్నాము. తమరు దయచేసి మా ప్రాంగణానికి వచ్చి, స్వయంగా పరిశీలించి, లోటుపాట్లు ఏవైనా ఉంటే మొహమాటం లేకుండా తెలియజేయగలరని ప్రార్థన. తమరికి పూర్తిగా తృప్తి కలిగేవరకు మేము విశ్రమించము."

ఎలా ఉందమ్మా? మా యజమాని గారు చదివి, ఇకపై అందరికీ ఇదే పంపమన్నారు.

భవదీయుడు,
మార్గదర్శి

తా.క.: తొలి సభ్యుణ్ణి చేర్పించిన రోజు ఇక్కడ గంట మోగిస్తారు. ఆ గంట నేనింతవరకు ముట్టుకోలేదు.

●

బాబూ,

ఏం రాశావయ్యా! ఆ ఉత్తరం అందుకున్నప్పటి ఆయన మొహం చూసి ఉండాల్సింది. పెళ్ళిచూపులప్పుడు కూడా అంత వెలుగు లేదు, అక్కడ నేనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. "చూశావా, రిటైరైనా నన్ను వదలడం లేదు. తనిఖీకి పిలిచారు" అన్నారు. ఆగకుండా అటకమీదనుంచి పాత కోటు దించారు. టార్చి, టేపు, విజిల్, నెత్తిన గట్టి టోపీ. అద్దంలో చూసుకుని టోపీ కాస్త పక్కకి వంచారు కూడా.

సాయంత్రం వచ్చేసరికి మనిషి పూలరథంలా ఉన్నారు. "మెట్ల దగ్గరే నాలుగు లోపాలు దొరికాయి. హాల్లోకి ఇంకా వెళ్ళనేలేదు" అన్నారు, విందు భోజనంలో ఇంకా చాలా వడ్డించాల్సి ఉంది అన్నట్టు.

నేను ఈలోగా ఒక అధ్యాయం గుక్క తిప్పుకోకుండా చదివేశాను. నాయిక ఏడ్చింది, నాయకుడు ఓదార్చాడు, స్టవ్ గురించి ఎవరూ అడగలేదు. నీ నోట్లో పంచదార పోయాలి.

కాని ఒక చిక్కు. "బాగానే ఉంది కదా, అక్కడే ఒక కుర్చీ తీసుకోకూడదూ?" అన్నాను. మండిపడ్డారు. "తనిఖీ చేసేచోట కుర్చీ తీసుకుంటే దాన్ని లంచమంటారు" అన్నారు. సభ్యత్వం సంగతి ఇక నువ్వే చూసుకో. నేను మాత్రం రేపటికి కూడా డబ్బాలో అన్నం సర్దేశాను.

ఇట్లు,
చాలాకాలానికి ఊపిరి పీల్చుకున్న మనిషి

తా.క.: హాట్ డెస్క్ వేడిగా లేదట. "పేరుతో జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నారు" అని అదీ ఒక లోపంగా రాసుకున్నారు.

●

అమ్మా, మీకు దండం పెడతాను,

సార్ వారం రోజులుగా రోజూ వస్తున్నారు. మా సిబ్బందికంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చిన నన్ను చూసి తల పంకిస్తున్నారు.

మా దగ్గర ఒక సభ్యుడున్నాడు. మూడు కంపెనీలు పెట్టాడు, మూడూ పోయాయి, నాలుగోది పెడుతున్నాడు. మేమంతా ఫౌండర్ గారు అంటాం. అతను మా బీన్ బ్యాగులో, అదే, గింజల మూట లాంటి మెత్తటి సీటులో, కూరుకుపోయి ఫోను మాట్లాడుతున్నాడు. సార్ వెళ్ళి ఎదురుగా నిలబడ్డారు.

"బాబూ, మంటలు లేచాయి. లేచి పరుగెత్తు."

"ఎక్కడ సార్?"

"లేచాయనుకో. లే."

అతను లేవబోయాడు. వెల్లకిలా పడ్డ తాబేలులా కాళ్ళూ చేతులూ ఆడించాడు. సార్ గడియారం చూసుకుని కాగితం మీద ఏదో రాసుకున్నారు. "నువ్వు చనిపోయావు" అన్నారు.

"సార్, పెట్టుబడి పెట్టేవాళ్ళు లైన్లో ఉన్నారు!"

"వాళ్ళకీ ఆ ముక్క చెప్పు."

అవతల లైను కట్టయింది. ఆ మధ్యాహ్నమే మెత్తటి సీట్ల గదికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టేశారు. గోడమీది ప్లాస్టిక్ తీగలు పీకించారు, మంట ఎక్కడానికి అవి నిచ్చెనలట. ఒక ప్లగ్గులో ఇంకో ప్లగ్గు, దాన్లో ఇంకోటి గుచ్చి ఉన్న తీగలన్నీ ఊడదీశారు, సగం హాలు కంప్యూటర్లు ఆరిపోయాయి. రోజూ విజిల్ ఊది అందరినీ వీధిలోకి నడిపిస్తున్నారు. బొమ్మలు గీసే అమ్మాయి ఒకతి ఉంది. "పెన్సిల్ ఎవరికి గురిపెట్టి పట్టుకున్నావు?" అని అడిగారు ఆమెని.

నేను ధైర్యం చేసి చెప్పాను. "సార్, మీ ట్రయల్ పూర్తయింది. ఇక..."

"విచారణ పూర్తయిందని నువ్వెలా అంటావు? నువ్వు ముద్దాయి తరఫు మనిషివి" అన్నారు.

అమ్మా, దయచేసి సార్‌ని ఇంటికి పిలిపించుకోండి.

ఇట్లు,
ముద్దాయి తరఫు మనిషి

తా.క.: గంట కూడా తీయించేశారు. కింద నిలబడ్డవాళ్ళ నెత్తిన పడుతుందట.

●

బాబూ,

నీ ఉత్తరం చదివి జాలితో గుండె తరుక్కుపోయింది. రెండోసారి కూడా చదువుకుని నవ్వాను. సారీ, ఏడ్చాను.

పిలిపించుకోవడం కుదరదు. దుకాణాల్లో బోర్డు చూడలేదూ, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని? పైగా "తమరికి పూర్తిగా తృప్తి కలిగేవరకు విశ్రమించము" అని రాసింది నువ్వు. ఆయనకు తృప్తి కలగడం అంటే ఏమిటో నన్ను ముందే అడిగి ఉంటే, నేను అబద్ధం చెప్పి ఉండేదాన్ని.

అయినా ఒక దారి చెబుతాను. ఆయనతో వాదించకు. ఇన్నేళ్ళ కాపురంలో నేనా పని చేసి ఏం బాగుపడ్డాను? ఆయన చూపించినవన్నీ సరిచేసెయ్యండి. ఒక్కటీ మిగలకూడదు. ఇక తనిఖీ చేయడానికి ఏమీ లేకపోతే ఏం చేస్తారు? కూర్చుంటారు. కూర్చున్నాక ఆ కుర్చీకి సభ్యత్వం అంటగట్టు. నీ ఉద్యోగం అదే కదా?

నవల సగం దాటింది. విడిపోయిన నాయికా నాయకులు ఇంకా కలుసుకోలేదు. మా ఆయన రిటైరవ్వకముందు మేమూ అలాగే ఉండేవాళ్ళం, హాయిగా.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి

తా.క.: ఆయనకు మధ్యాహ్నం టీలో పంచదార తక్కువ వెయ్యండి. అదీ తనిఖీలో దొరికితే నన్నడక్కండి.

●

అమ్మా,

మీ సలహా పాటించాం. పాటించాక ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు.

లోపాలన్నీ సరిచేయించాం. తీగలు గోడల్లోకి వెళ్ళాయి, తలుపులు బయటివైపు తెరుచుకుంటున్నాయి, మెట్లకు కమ్మీ వచ్చింది. మంటలార్పే సిలిండర్లు పూలకుండీల వెనకనుంచి వెలుగులోకి వచ్చాయి. నిజం చెప్పాలంటే మూడింట్లో రెండు ఉత్తవే, నొక్కితే దుమ్ము వచ్చింది. ఆ విషయంలో సార్‌ని ఒక్క మాట అనడానికి లేదు.

కాని ఈలోగా సభ్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. గొడవ పడి కూడా కాదు. బొమ్మల అమ్మాయి సామాను సర్దుకుని నవ్వుతూ వెళ్ళింది. ఫౌండర్ గారు నా భుజం తట్టి "చాలా మంచి చోటు దొరికింది బ్రదర్" అన్నాడు. ఎక్కడని అడిగితే చెప్పలేదు. ఆ రహస్యమేమిటో, ఏ పోటీ కంపెనీ తన్నుకుపోతోందో తెలియక మా యజమాని గారు గోళ్ళు కొరుక్కుంటున్నారు.

నిన్న సార్ హాలు మధ్యలో నిలబడి నలువైపులా చూసి, "ఇప్పుడు చూడు ఎంత భద్రంగా ఉందో. ప్రమాదానికి అవకాశమే లేదు" అన్నారు. నిజమే. ఒక్క మనిషి కూడా లేడు.

ఈ నెలాఖరులోగా ఒక్క కొత్త సభ్యుడైనా రాకపోతే నా కుర్చీ కూడా అద్దెకిచ్చేస్తానన్నారు యజమాని గారు. సార్ మాత్రం ఇంకా కూర్చోలేదు. "మొత్తం మళ్ళీ మొదటినుంచి చూడాలి. సరిచేసినచోటే కొత్త లోపాలు పుడతాయి" అంటున్నారు.

దిక్కుతోచని,
మార్గదర్శి

తా.క.: మొన్న మా ఇంటి మెట్లు కమ్మీ పట్టుకుని, ఒక్కొక్కటీ చూసుకుంటూ దిగాను. మా అమ్మ చూసి "ఏమైందిరా, ఒంట్లో బాగాలేదా?" అని కంగారు పడింది.

●

అయ్యా మార్గదర్శీ,

నీ సభ్యులు ఏ పోటీ కంపెనీకీ పోలేదు. మా ఇంట్లో ఉన్నారు.

మొదట ఆ బొమ్మల అమ్మాయి వచ్చి తలుపు తట్టింది. చంకలో కంప్యూటరు, నోట్లో పెన్సిలు. "పిన్నిగారూ, సార్ పంపించారు. ఊళ్ళో అన్ని నిబంధనలూ పాటించే పనిచోటు ఇదొక్కటేనట" అంది. నాకేమీ అర్థం కాక తలుపు బయట చూశాను. ఆయన సంతకంతో కాగితం అంటించి ఉంది. ఈ ఇల్లు తనిఖీ చేయబడినది, సురక్షితము అని! నీ హాలుకు వంకలు పెట్టి, సొంత కొంపకు యోగ్యతాపత్రం ఇచ్చుకున్నారు మహానుభావుడు.

ఒకరి వెనక ఒకరు దిగారు. భోజనాల బల్ల నిండిపోయింది. ఫౌండర్ గారు నా కుట్టుమిషను మీద కంపెనీ నడుపుతున్నాడు. వాళ్ళకి మా ఇల్లు తెగ నచ్చింది. కిటికీలోంచి వెలుతురు నచ్చింది, కాఫీ నచ్చింది, ఆ బాణం గుర్తులు "భలే ఉన్నాయి పిన్నీ, మీరే డిజైన్ చేశారా?" అట. పొమ్మనడానికి నోరు రాదు. తిన్న కంచాలు కడిగి పెడుతున్నారు మరి.

ఇవాళ నాయిక గుండె పగిలే ఘట్టం చదువుతున్నాను. వెక్కి వెక్కి ఏడుస్తుంటే తలుపు తట్టారు. "పిన్నీ, కాస్త మెల్లిగా ఏడుస్తారా? మీటింగులో ఉన్నాను."

అదీ రికార్డయింది.

పుస్తకం ఇచ్చిన కంపెనీనుంచి పిలుపు వచ్చింది. వారంలోగా శుభ్రమైన రికార్డింగు చేరకపోతే పుస్తకం వెనక్కి తీసుకుంటారట. ఇన్నేళ్ళలో ఒక్క పుస్తకం కూడా మధ్యలో వదల్లేదు నేను. మా ఆయన్ని రాత్రి భోజనాల దగ్గర నిలదీస్తే, "ప్రాణాలు కాపాడుతుంటే అడ్డుపడతావేం?" అన్నారు.

నీ హాలు ఖాళీగా ఉందన్నావు కదా. ఆ ఖాళీలో ఒక మూల నాకివ్వు. ట్రయలూ వద్దు, పరిశీలనా వద్దు. రేపే వస్తాను.

ఇట్లు,
ఇల్లుండి నిలువ నీడలేని మనిషి

తా.క.: ఉల్లిపాయ కోయడానికి ఫౌండర్ గారికి నిన్న అనుమతి దొరికింది. నాది ఇంకా పరిశీలనలో ఉంది.

●

మా గౌరవ సభ్యురాలికి,

ఈ సంబోధన రాయడానికి మూడు కాగితాలు మార్చానమ్మా. మీరు నా తొలి సభ్యురాలు. గంట లేదు కాబట్టి నేనే నోటితో "టంగ్" అన్నాను.

ఫోన్లు మాట్లాడుకునే చిన్న గది మీకు కేటాయించాం. గాలి ఆడడానికి సార్ అందులో పైన కన్నం పెట్టించారు కాబట్టి ఉక్కపోయదు.

మీరు చేరిన సంగతి సార్‌కి నేనే చెప్పాల్సి వచ్చింది. వినగానే "నా భార్య సభ్యురాలైన చోట నేను తనిఖీ చేస్తే లోకం ఏమంటుంది?" అన్నారు. అప్పటికప్పుడు కూర్చుని రాజీనామా రాసి మా యజమాని గారి చేతికిచ్చారు. ఎవరూ ఇవ్వని ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు. మా యజమాని గారు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు.

వీధి దాకా సాగనంపడానికి వెళ్ళాను. మెట్ల మలుపు దగ్గర ఆగి, "బాబూ, ఆవిడ చదివేటప్పుడు గది దగ్గర ఎవరినీ మాట్లాడనివ్వకు. ఆవిడ ఏకాగ్రత పోతుంది" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

మీ,
మార్గదర్శి

తా.క.: వెళ్తూ వెళ్తూ మా కాఫీ యంత్రం వైపు చూసి "అది మంచిది కాదు" అన్నారు. ఏమిటో వివరించలేదు. అప్పటినుంచి ఎవరూ కాఫీ తాగడం లేదు.

●

బాబూ,

నీకొక మాట చెబుదామని వస్తే నీ బల్లే లేదు. యజమాని గారిని అడిగితే "ఒక్కరు చేరితే హాలు నిండుతుందామ్మా? పంపించేశాను" అన్నారు, నీ ఇంటి చిరునామా రాసిచ్చి. నేను చేరితే నీ కుర్చీ నిలబడుతుందనుకున్నాను. మాకు చెప్పకుండా వెళ్ళిపోయావేమయ్యా? ఉద్యోగం మళ్ళీ దొరికిందా? మీ అమ్మగారు ఏమన్నారు?

నీవల్ల నవల పూర్తయింది. గడువుకు ఒకరోజు ముందే పంపాను. సౌండతను "ఒక్క మచ్చ లేదమ్మా" అన్నాడు. ఇంకో పుస్తకం కూడా ఇచ్చారు.

ఇక్కడ ఎంత నిశ్శబ్దమంటే, వాక్యం మధ్యలో ఆగి, ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని కాసేపు చూశాను. ఎవరూ అడగలేదు. లయ తప్పి మళ్ళీ మొదటినుంచి చదువుకోవాల్సి వచ్చింది. అలవాటు లేని సుఖం అంత తొందరగా వంటబట్టదు.

పొద్దున్నే ఇంట్లోంచి వచ్చేస్తున్నాను, దీపాలు వేశాక వెళ్తున్నాను. అప్పటికి నీ సభ్యులందరూ వెళ్ళిపోయి ఉంటారు. ఆయన అలసిపోయి, కాని మంచి హుషారుగా ఉంటారు. పగలేం జరిగిందని అడిగితే "సంస్థ విషయాలు బయటివాళ్ళకు చెప్పకూడదు" అంటున్నారు. నేను బయటిదాన్నట!

నీ క్షేమం తెలియజెయ్యి.

ఇట్లు,
హాల్లో ఏకైక సభ్యురాలు

తా.క.: నీ బల్ల ఉన్నచోట పెద్ద కాఫీ యంత్రం ఇంకోటి పెట్టారు. నీకంటే తక్కువ మాట్లాడుతుంది. చేర్పించడం మాత్రం అదీ ఎవరినీ చేర్పించలేదు.

●

అమ్మా,

మీ ఉత్తరం మా ఇంటికి చేరింది. జవాబు మాత్రం మా ఇంట్లోంచి రాయడం లేదు. మీ ఇంట్లోంచి రాస్తున్నాను. మీ భోజనాల బల్ల దగ్గర, వంటింటివైపు కుర్చీలో కూర్చుని.

ఉద్యోగం పోయిన మర్నాడే ఫౌండర్ గారు సార్‌కి చెప్పారట. సార్ మా ఇంటికొచ్చి, ముందు మా అమ్మకి మెట్లు ఎలా దిగాలో చెప్పి, తర్వాత నాతో "రేపు తొమ్మిదింటికి రా" అన్నారు. ఇప్పుడు ఇక్కడ నేను సభ్యత్వ మార్గదర్శిని. మీకు చెప్పొద్దని ఆజ్ఞ. సిబ్బంది నియామకాలు బయటివాళ్ళకు చెప్పకూడదట.

ఇల్లు నిండింది. వరండాలో కూడా ఇద్దరున్నారు. అందరూ సార్‌ని బాబాయ్ అంటున్నారు. విజిల్ వేస్తే ఆడుతూ పాడుతూ వీధిలోకి పోయి, కాసేపు వెన్ను విరుచుకుని వస్తున్నారు. నడుం నొప్పులు తగ్గాయంటున్నారు. కొత్తగా చేరతామని రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు, చోటు లేదని పంపించేస్తున్నాను. ఒకప్పుడు చేర్పించలేక ఏడ్చినవాణ్ణి, ఇప్పుడు వద్దనలేక ఏడుస్తున్నాను.

కాని ఒక కుర్చీ ఖాళీగా ఉందమ్మా. కిటికీ పక్కది, వెలుతురు బాగా పడేది. ఎవరు కూర్చోబోయినా సార్ లేపేస్తారు. మొన్న వరండాలో వాన జల్లు పడుతుంటే బొమ్మల అమ్మాయిని అందులో కూర్చోబెట్టబోయాను.

"అది రిజర్వు" అన్నారు.

"ఎవరికి సార్?"

"దరఖాస్తు ఇంకా రాలేదు" అని, జేబురుమాలు తీసి ఆ కుర్చీ ఆయనే తుడిచారు. మధ్యాహ్నం భోజనానికి అందరం కూర్చున్నాక ఆ కుర్చీ ముందు కూడా ఒక కంచం పెడతారు. తర్వాత తీసేస్తారు.

కాబట్టి అమ్మా, మిమ్మల్ని కాబోయే సభ్యురాలిగా భావించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు మీ ఇంటికి ఒకరోజు పగటిపూట వచ్చి చూడండి. పుస్తకం చదివే వేళ మేమందరం నోరు మూసుకుంటామని సంతకాలు పెట్టాం. స్టవ్ సంగతి చూసే బాధ్యత నాకప్పగించారు. మిమ్మల్ని ఎవరూ అడగరు. నచ్చితేనే చేరండి. ఆ ఆఫీసు మానేయమని కూడా అనడం లేదు. వారానికి ఒక్కరోజైనా సరే అంటున్నాను.

మీ ఇంటినుంచి,
మీ మార్గదర్శి

తా.క.: ఈ ఉత్తరం రాయమన్నది ఎవరో మీకు చెప్పకూడదన్నారు. అందుకని చెప్పడం లేదు. అక్షరదోషాలు మాత్రం ఆయనే దిద్దారు.